కుండలో ఉప్పు వేయకండి

జపాన్‌లో టేబుల్ మీద చిన్న పొయ్యి పెట్టి, కుండలో ఉడుకుతుండగానే తినే హకాతా చికెన్ హాట్ పాట్, అదే మిజుతాకి, ఇంట్లో చేసుకుందామనుకునే తెలుగువాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: కుండలో ఉప్పు వేయకండి. మట్టికుండ లేకపోతే స్టీలు గిన్నె పెట్టుకోండి. జపాన్ పుట్టగొడుగులు దొరకలేదా, మానేయండి. తోఫు నచ్చదా, ఎవరూ కేసు పెట్టరు. కానీ గంటల తరబడి పొయ్యి మీద మరిగే ఆ నీళ్ళలో ఒక్క చిటికెడు ఉప్పు కూడా పడకూడదు, అల్లం వెల్లుల్లి పేస్టు పడకూడదు, పసుపు అసలే వద్దు. ఈ మాట అనగానే అవతలివాళ్ళ మొహం ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు. ఉప్పు లేని కోడి అంటే మనకి గుర్తొచ్చేది పథ్యం, ఆస్పత్రి భోజనం, లేదా ఎవరో ఫోన్ మాట్లాడుతూ ఉప్పు వేయడం మర్చిపోయిన రోజు. అందుకే మనవాళ్ళు యూట్యూబ్‌లో చూసి అంతా పద్ధతిగా చేసుకుంటూ వచ్చి, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగక, "మన నోటికి ఇలా కుదరదులే" అనుకుని ఓ చెంచాడు ఉప్పు, కాస్త మిరియాల పొడి వేసేస్తారు. తర్వాత తిని, ఇది మామూలు చికెన్ సూపే కదా, దీనికింత హడావుడి ఎందుకు అంటారు. నిజమే, అప్పుడది చికెన్ సూపే.

నేను ఉండేది ఫుకువోకాలో. హకాతా అంటే ఈ ఊళ్ళో పాత భాగం, ఒకప్పటి రేవు పట్నం, పెద్ద రైల్వే స్టేషన్‌కి ఇప్పటికీ ఆ పేరే. జపాన్ వ్యవసాయ శాఖ 2007లో పల్లెల్లో, రేవుల్లో పుట్టిన 99 ప్రాంతీయ వంటల్ని ఎంపిక చేసినప్పుడు ఫుకువోకా తరఫున అందులో చేరిన వాటిలో ఒకటి మిజుతాకి, ఇంకోటి గామెని. ఆ గామెని కూడా కోడి ముక్కలు, దుంపలు కలిపి వండేదే. కోడంటే ఇక్కడివాళ్ళకి అంత ఇష్టం. చలికాలం వచ్చిందంటే సూపర్ మార్కెట్లో ఎముకతో సహా కొట్టిన కోడి ముక్కలు మిజుతాకి కోసమేనని లేబుల్ వేసి మరీ పెడతారు. టోక్యోలో ఉండే మనవాళ్ళకి ఈ సుఖం లేదు. అక్కడ మామూలు షాపుల్లో ఎక్కువగా బోన్‌లెస్సే కనిపిస్తుంది, ఎముక కావాలంటే వింగ్స్‌తో సరిపెట్టుకోవాలి, లేదంటే షిన్ ఓకుబో వైపు హలాల్ షాపులకి వెళ్ళి ఫ్రోజెన్ కోడి తెచ్చుకోవాలి. బ్రెజిల్ నుంచి వచ్చిన కోడయినా సరే, ఎముక ఉంటే చాలు.

ఎలా వండాలో చెప్పే ముందు ఎలా తింటారో చెప్పాలి, ఎందుకంటే ఇందులో తినే వరసే సగం వంట. ముందుగా చిన్న కప్పులో సన్నగా తరిగిన ఉల్లికాడలు, ఓ చిటికెడు ఉప్పు వేసుకుని, దాని మీద పొగలు కక్కే సూపు పోసుకుని తాగుతారు. అప్పటికి కుండలో కోడి, నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండవు. ఆ తర్వాత ముక్కలు, పొన్జులో ముంచుకుని. పొన్జు అంటే సోయా సాస్‌లో యుజు, దైదై లాంటి పుల్లటి పళ్ళ రసం కలిపింది. ముక్కలయ్యాక కోడి కైమా ఉండలు, కాబేజీ, ఉల్లికాడలు, పుట్టగొడుగులు, తోఫు. అన్నీ ఖాళీ అయ్యాక, అడుగున మిగిలిన సూపులో అన్నం వేసి గుడ్డు కొట్టి పోసి చేసేది జోసుయి. చివరి అన్నం దాకా కుండకి ఉప్పుతో పనే లేదు. ఉప్పంతా తినేవాళ్ళ ముందున్న కప్పులో, గిన్నెలో ఉంటుంది. ఎవరి ఉప్పు వాళ్ళది.

నేనేదో సంప్రదాయం పేరు చెప్పి భయపెడుతున్నానని అనుకోవద్దు. ఇది అంత పాత వంట కూడా కాదు. ఈ దేశంలో మాంసం తినడమన్నది చాలాకాలం బాహాటంగా చేసే పని కాదు. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి తినొద్దని ఏడాదిలో కొన్ని నెలలకి ఆజ్ఞ వేశాడు. 1872లో మెయిజీ చక్రవర్తి మాంసం తిన్నాడన్న సంగతి బయటికి వచ్చాకే జనానికి బెరుకు పోయింది. మిజుతాకి ఆ తర్వాతి కాలం సరుకు. నాగసాకిలో పుట్టిన హయాషిదా హెయిజాబురో అనే కుర్రాడు 1897లో, 15 ఏళ్ళ వయసులో, హాంకాంగ్ వెళ్ళి ఒక ఇంగ్లీషు కుటుంబం దగ్గర ఉంటూ వాళ్ళ వంట నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక దొరల కన్సొమే అనే తేట మాంసం సూపు పద్ధతినీ, చైనావాళ్ళ కోడి సూపునీ కలిపి, 1905లో హకాతాలో సుయిగెత్సు అనే హోటల్ పెట్టాడు. 1910లో షిన్ మియురా వచ్చింది. సుయిగెత్సు సూపు తేటగా ఉంటుంది, షిన్ మియురాది చిక్కగా తెల్లగా ఉంటుంది. రెండూ హకాతావే, రెండూ అసలైనవే. అంటే పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం పోయిన ఓ కుర్రాడు అక్కడా ఇక్కడా చూసింది కలిపి చేసిన వంట ఇది. మనం తెనాలిలోనో కరీంనగర్‌లోనో దొరికినవాటితో చేసుకుంటే మైలపడిపోయేంత మడి దీనికి మొదట్నుంచీ లేదు. ఉప్పు విషయంలో నా పట్టుదల మడి కోసం కాదు, లెక్క కోసం.

లెక్క చూడండి. నలుగురికని రెండున్నర లీటర్ల నీళ్ళు పెట్టారు. సూపుకి నోటికి సరిపడే ఉప్పు 0.8 శాతం దగ్గర ఉంటుంది, అంటే 20 గ్రాములు. మొదట్లోనే వేసేశారు, రుచి చూశారు, బ్రహ్మాండం. మరిగి మరిగి అది లీటరున్నరకి దిగాక నీళ్ళు పోయాయి గానీ ఉప్పు ఎక్కడికి పోతుంది? అదే 20 గ్రాములు ఇప్పుడు 1.3 శాతం. నోట్లో పెట్టుకోలేరు. నీళ్ళు కలిపితే ఉప్పు సర్దుకుంటుంది, దాంతోపాటు ఇంతసేపు గ్యాస్ తగలేసి తెచ్చుకున్న చిక్కదనమూ పోతుంది. సరే, మరిగాకే వేస్తాం అంటారా? అక్కడితో అయిపోలేదు కదా, కుండ టేబుల్ మీదకి వచ్చాక కూడా చిన్న పొయ్యి మీద ఇంకో గంట ఉడుకుతూనే ఉంటుంది. పైగా ముక్కని ముంచుకునే పొన్జులో సగం దాకా సోయా సాసే, ఆ సాస్‌లో ఉప్పు 16 శాతం దాకా ఉంటుంది. ఉప్పగా ఉన్న సూపులో ఉడికిన ముక్కని ఉప్పగా ఉన్న పొన్జులో ముంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చివర్లో అన్నం వేసినప్పుడు ఆ ఉప్పంతా అన్నం పీల్చుకుని, రోజంతటికీ బాగుండాల్సిన ఆఖరి ముద్ద మింగుడుపడదు.

సూపర్ మార్కెట్లో దొరికే హాట్ పాట్ సూపు ప్యాకెట్లంటే నాకు పడకపోవడానికి కారణం కూడా ఇదే. ప్యాకెట్ కత్తిరించి పోయడం, ముక్కలు వేయడం, పది నిమిషాల్లో భోజనం. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రోజు అది తప్పేమీ కాదు, నేనూ తింటాను. కాకపోతే దాంట్లో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి దాన్ని మరిగించలేం, మరిగించకపోతే కోడి రుచి దిగదు, చివర్లో జోసుయి చేస్తే అప్పడం ఖారంలా నాలుక లాగేస్తుంది.

ఇక వంట. నలుగురికి కిలో, కిలోపావు కోడి కావాలి, ఎముకతో, చర్మంతో. మన ఊళ్ళో చికెన్ షాపు బోర్డు మీద విత్ స్కిన్‌కి ఓ రేటు, స్కిన్‌లెస్‌కి ఓ రేటు రాసుంటుంది కదా, మన ఇళ్ళలో దాదాపు అందరం స్కిన్‌లెస్సే తెస్తాం, చర్మం అడిగితే కుక్కకా అని అడిగే షాపులూ ఉన్నాయి. ఈ వంటకి మాత్రం చర్మం ఉండి తీరాలి. కుదిరితే అరకిలో వింగ్స్, మెడలు, వీపు ఎముకలు, కోడి కాళ్ళు కూడా అడిగి తెచ్చుకోండి. కాళ్ళలో మాంసం ఉండదు, ఉండేదంతా చర్మం, నరాలు, మెత్తటి ఎముక, అంటే కొల్లాజెన్. అది వేడిలో ఎక్కువసేపు ఉంటే కరిగి జిలటిన్ అవుతుంది. పెదాలు ఒకదానికొకటి అతుక్కునేలా చేసేది అదే.

కోడిని పసుపు, ఉప్పు వేసి కడగడం మనకి అలవాటు. ఇక్కడ మసిలే నీళ్ళు పోసి కడగాలి. ముక్కలన్నీ పెద్ద గిన్నెలో వేసి, మరుగుతున్న నీళ్ళు మునిగేలా పోసి, పైన తెల్లబడగానే వంపేసి, ఒక్కో ముక్కనీ కుళాయి కింద పట్టుకుని వేలితో రుద్దాలి. ముఖ్యంగా వీపు ఎముక లోపలి వైపు చూడండి, వెన్నుకి రెండు పక్కలా గుంటల్లో ముదురు ఎరుపు రంగులో మెత్తగా ఏదో అతుక్కుని ఉంటుంది. మసాలా కూరలో దాని సంగతి ఎవరికీ తెలీదు, అల్లం వెల్లుల్లి, గరం మసాలా కప్పేస్తాయి. ఇక్కడ కప్పేవాళ్ళు ఎవరూ లేరు. బొటనవేలి గోరుతో గీకి తీసేయండి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. నీచు వాసన అనేవాళ్ళందరూ ఈ ఒక్క పని చేసి చూడాలని నా మనవి. మసాలా లేకపోవడం వల్ల కాదు వాసన వచ్చేది, మసాలా ఉంది కదా అని కడగడంలో మనం చూపించే బద్ధకం వల్ల.

తర్వాత ఎముకలు, వింగ్స్, కాళ్ళు గిన్నెలో వేసి రెండున్నర లీటర్ల చన్నీళ్ళు పోసి పెద్ద మంట మీద పెట్టండి. తినడానికి పనికొచ్చే లెగ్ ముక్కలు పక్కన ఉంచుకోండి. పొంగు వచ్చేటప్పుడు బూడిద రంగు తెట్టు పైకి తేలుతుంది, దాన్ని తీసేయాలి. ఆ తర్వాత వచ్చే తెల్లటి నురగని వదిలేయొచ్చు. తేట సూపు కావాలంటే ఇక్కడ మంట తగ్గించి, అప్పుడొకటి అప్పుడొకటి బుడగ వచ్చేలా ఉంచాలి. తెల్లటిది కావాలంటే మంట తగ్గించొద్దు. నీళ్ళు కుతకుతా ఉడుకుతూ ఉండాలి. అంత జోరుగా ఉడికితేనే కొవ్వు చిన్న చిన్న బిందువులుగా విరిగి నీళ్ళలో కలుస్తుంది, కరిగిన జిలటిన్ ఆ బిందువుల్ని మళ్ళీ ఒకదాంతో ఒకటి కలవనివ్వదు. అందుకే తెల్లబడుతుంది. పాలూ పిండీ ఏమీ ఉండవు అందులో. ముందు కాస్త మబ్బుగా అవుతుంది, గంట గడిచేసరికి పైన తేలే పసుపు నూనె చుక్కలు తగ్గుతాయి, రెండో గంటలో గరిటె ముంచితే గరిటె అడుగు కనిపించదు. నీళ్ళు బాగా దిగిపోతే వేడినీళ్ళే కలపండి, చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. తెల్లగా రాలేదని పాలు పోసేవాళ్ళున్నారు. కోడిని పాలలో వండే హాట్ పాట్ నారా వైపు వేరే ఉంది, దాని పేరు అసుకా నబె, అది కావాలంటే అదే చేసుకోండి. మిజుతాకిలో పాలు పోయడం మాత్రం మోసం.

కుక్కర్‌లో కుదరదా అంటే కుదురుతుంది, గ్యాస్ కూడా మిగులుతుంది. ఎముకల వరకే కుక్కర్‌లో పెట్టి, మెత్తగా ఉడికాక ఆవిరి పోనిచ్చి మూత తీసి, వెడల్పు గిన్నెలోకి మార్చి, గరిటెతో ఎముకల్ని చిదుపుతూ పెద్ద మంట మీద ఓ అరగంట మూత లేకుండా ఉడికించండి. ఆ అరగంట మానేస్తే సూపు రుచిగానే ఉంటుంది గానీ రంగు రాదు. వడకట్టి, ఆ సూపులో లెగ్ ముక్కలు వేసి ముప్పావు గంట, మాంసం ఎముకని వదలడానికి సిద్ధంగా ఉండి ఇంకా వదలని దాకా ఉడికించండి. ఇది బ్రాయిలర్ లెక్క. ఆరు వారాల పిల్ల, రెండు గంటలు ఉడికిస్తే పీచుపీచైపోతుంది. జపాన్‌లో జిదోరి అని అమ్మే నాటు రకం కోళ్ళకి కనీసం 75 రోజులు పెంచాలన్న నియమం ఉంది, 2015కి ముందు అది 80 రోజులు. అవి ఇంకాసేపు తట్టుకుంటాయి. మన నాటుకోడి అయితే ఈ వంట దానికోసమే పుట్టిందా అనిపిస్తుంది, ఎలాగూ గంటన్నర ఉడకాలి కాబట్టి ఎముకలు, ముక్కలు కలిపే పెట్టేయొచ్చు. ఊళ్ళో నాటుకోడిని మంట మీద కాల్చి పసుపు రాసి ఇస్తారు. కాల్చడం వరకూ ఒప్పుకోండి, పసుపు వద్దని ముందే చెప్పండి. కాల్చిన చర్మం వల్ల సూపుకి సన్నటి పొగ వాసన పడుతుంది, హకాతావాళ్ళు ఏమంటారో గానీ నాకది ఇష్టం.

ఇక అసలు గొడవకి వద్దాం. పోయిన చలికాలం అమ్మా నాన్నా ఇక్కడికి వచ్చినప్పుడు ఇదే వండాను. అమ్మ గరిటెతో కాస్త తీసుకుని రుచి చూసింది.

"ఒరే, ఉప్పెయ్యడం మర్చిపోయావు."

"మర్చిపోలేదమ్మా, ఇందులో వెయ్యరు. ఎవరి కప్పులో వాళ్ళు వేసుకుంటారు."

"అదేం ఏర్పాటురా? ఎంత వెయ్యాలో వండేవాళ్ళకి ఆ మాత్రం తెలీదా?"

ఈ వంట మీద నేను విన్న వాటిల్లో నిజంగా సమాధానం చెప్పాల్సిన అభ్యంతరం ఇదొక్కటే. చప్పగా ఉంటుంది, కారం ఉండదు, నీచు వాసన లాంటివన్నీ వంట సరిగ్గా చేస్తే పోయేవే. అమ్మ అన్నది అది కాదు. మన ఇళ్ళలో ఉప్పు వేయడం వంటమనిషి బాధ్యత, ఇంకా చెప్పాలంటే అధికారం. కంచం ముందు కూర్చున్నవాళ్ళని "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతాం. అడిగేది మంచి మార్కుల కోసం. చుట్టాలు ఎప్పుడూ సరిపోయిందనే అంటారు, ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ కాస్త తగ్గిందంటారు. ఉప్పు డబ్బా టేబుల్ మీదకి తెప్పించుకోవడమంటే వండినవాళ్ళకి వంట రాదని చెప్పినట్టు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకి, రెండు గంటలు నిలబడి వండి, ఆఖరి మాట మాత్రం తినేవాళ్ళ చేతిలో పెట్టమంటే మనసొప్పదు. అమ్మ బాధ రుచి గురించి కాదు, పదవి గురించి.

కానీ అదే టేబుల్ దగ్గర మా నాన్న కూడా ఉన్నాడు. ఆయనకి బీపీ. ఇంట్లో ఏ కూర వండినా ఉప్పు వేసే ముందే ఆయన వంతు చిన్న గిన్నెలోకి తీసేయడం, అది చల్లారిపోవడం, ఆయన దాన్ని తింటూ మా కంచాల వైపు చూడడం మామూలే. ఆ రోజు అందరితో కలిసి ఒకే కుండలోంచి, ఒకేసారి, అంతే వేడిగా తిన్నాడు. ఆయన కప్పులో అమ్మే ఉప్పు వేసింది, రెండు వేళ్ళ మధ్య తీసుకుని, సగం మళ్ళీ డబ్బాలోకి రాల్చి. మా అమ్మాయి కప్పులో ఉప్పే లేదు, ఉల్లికాడలు కూడా ఏరి నా కప్పులో పడేసింది. నా కప్పులో యుజు కోషో అనే పచ్చిమిర్చి ముద్ద. పెద్ద నోరు, చిన్న నోరు, బీపీ నోరు, గుంటూరు కారం అలవాటైన నోరు, వీటన్నిటికీ సరిపోయే ఒక్క ఉప్పు కొలత ఎంత గొప్ప వంటమనిషి దగ్గరైనా ఉండదు. అమ్మకి ఈ మాట చెప్తే ఒప్పుకోలేదు. మొదటి కప్పు మాత్రం బాగుందని రెండోసారి పోయించుకుంది. ముక్కలు చప్పగానే ఉన్నాయంది.

ముక్కల గురించి అమ్మ అన్నదాంట్లో కొంత న్యాయం ఉంది. ఉప్పు పట్టించని మాంసం లోపల చప్పగా ఉండడం సహజం. బిర్యానీకి ముందు రోజే ఉప్పు పట్టించమనేది అందుకే. బోన్‌లెస్ చెస్ట్ ముక్కలతో మిజుతాకి చేస్తే అది నిజంగానే తినలేం, ఎండిపోయిన పీచుని పొన్జులో ముంచి తినడమే. ఎముక ఉన్న లెగ్, చర్మం ఉన్న ముక్క అయితే సంగతి వేరు. చర్మం, జిలటిన్ పొన్జుని పట్టుకుంటాయి, నాలుకకి ముందు తగిలేది ఉప్పూ పులుపూ, నమిలేటప్పుడు వచ్చేది కోడి రుచి. మసాలా కూరలో అన్నీ ఒకేసారి వస్తాయి, ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. తింటున్నకొద్దీ గిన్నెలో పొన్జు సూపుతో, కొవ్వుతో కలిసి పల్చబడుతుంది. సగం భోజనం అయ్యేసరికి ఆ గిన్నెలో ఉన్నది ఎత్తి తాగేయొచ్చు. అది ఎవరూ వండని రెండో సూపు.

ఉప్పు వేయాల్సిన చోటు ఒకటుంది, కైమా ఉండలు. 300 గ్రాముల కోడి కైమాకి 3 గ్రాముల ఉప్పు వేసి, చేతికి జిగటగా అతుక్కునేదాకా పిసకాలి. ఉప్పు తగిలితేనే మాంసంలో ప్రోటీన్ కరిగి బంక వస్తుంది, లేకపోతే ఉండ కుండలో పడగానే విడిపోతుంది. ఆ ఉప్పు రుచి కోసం కాదు. పచ్చి ఉండలు వేసే చెంచా వేరుగా పెట్టుకోండి, తినే చాప్‌స్టిక్స్ దానికి తగలనివ్వకండి, లోపల దాకా ఉడికాకే తీయండి.

పొన్జు ఇక్కడ సీసాల్లో దొరుకుతుంది. మిజ్కన్ కంపెనీ వాళ్ళ పెద్దాయన హకాతాలో మిజుతాకి తింటూ ఆ పొన్జు రుచికి ముచ్చటపడి తయారు చేయించిందే నేటి అజిపొన్. 1964లో కన్సాయ్ వైపు అమ్మడం మొదలుపెట్టారు. ఇండియాలో ఉన్నవాళ్ళు సీసా కోసం ఆన్‌లైన్‌లో డబ్బులు పోసుకోవద్దు. దబ్బకాయ తెచ్చుకోండి. దాని రసంలో పులుపుతో పాటు ఒక వగరు వాసన ఉంటుంది, ఉత్త నిమ్మకాయలో అది దొరకదు. దబ్బకాయ రసం, సోయా సాస్ సమానంగా కలిపి, కాస్త సూపు పోసి పల్చన చేస్తే చాలు. దబ్బకాయ దొరక్కపోతే నిమ్మరసంలో సగం బత్తాయి రసం. యుజు కోషోకి కూడా దారి ఉంది. అది ఫుకువోకా ఉన్న క్యూషూ దీవి సరుకు, పచ్చిమిరపకాయలు, యుజు తొక్క, ఉప్పు కలిపి నూరి నిల్వ పెట్టేది. నిమ్మకాయ పైతొక్కని, తెల్లభాగం రాకుండా సన్నగా తురిమి, పచ్చిమిర్చితో, ఉప్పుతో కలిపి రోట్లో నూరి కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. యుజు వాసన రాదు, కానీ పని జరుగుతుంది. బియ్యపు గింజంత తీసుకుని ముక్క మీద పెట్టుకోవాలి. కారం కావాలని కుండలో పచ్చిమిర్చి చీల్చి వేసేవాళ్ళకి నా సమాధానం ఇదే, కారం కూడా ఎవరిది వాళ్ళ గిన్నెలోనే.

జపాన్‌లో హాట్ పాట్‌లన్నీ ఇలాగే ఉంటాయని కాదు. ఏటా నవంబర్‌లో సుమో పోటీలు ఫుకువోకాలో జరుగుతాయి, మల్లయోధులు తినే చాంకో నబెలో సోయా సాసో, మిసో అనే ఉప్పటి సోయా ముద్దో కుండలోనే పడుతుంది. వాళ్ళకి కోడి శుభం, ఎందుకంటే అది రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. చేతులు నేలకి ఆనితే ఓడిపోయినట్టే కాబట్టి నాలుగు కాళ్ళ జంతువు అంటే వాళ్ళకి బెదురు. అకితాలో చేసే కిరితాంపో నబె కూడా హినాయ్ కోడి సూపులో సోయా సాస్ వేసిందే. అక్కడ ఉప్పు కుండలో ఉండడమే పద్ధతి, దానికి తగ్గట్టు అవి అంతసేపు మరగవు, పక్కన పొన్జు కూడా ఉండదు. వాటి పద్ధతి మిజుతాకికి అంటగట్టడమే తప్పు.

కూరగాయల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. హకాతాలో చైనా కాబేజీ కన్నా మామూలు కాబేజీయే వేస్తారు, అది నీళ్ళు తక్కువ వదులుతుంది, తియ్యగా ఉంటుంది. పెద్ద ముక్కలుగా చేత్తో తుంపి వేస్తే చాలు. షుంగికు అనే చేదు ఆకు వేస్తారు, దానికి బదులు మెంతికూర వేద్దామని మీకు అనిపిస్తుంది, వద్దు, కుండంతా మెంతి వాసనే అయిపోతుంది. దోనాబె అనే మట్టికుండ ఉంటే వేడి నిలుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. ఎక్కువ భాగం మియె ప్రాంతంలోని యొక్కయిచిలో తయారవుతాయి. అవి మంట మీద పగలకుండా ఉండడానికి మట్టిలో కలిపే పెటలైట్ అనే ఖనిజం జింబాబ్వే నుంచి వస్తుందని, 2022 చివర్లో ఆ దేశం శుద్ధి చేయని లిథియం ఖనిజం ఎగుమతి ఆపేసినప్పుడు కుండల వాళ్ళకి టెన్షన్ పట్టుకుందని చదివి ఆశ్చర్యపోయాను. మనకి ఇండక్షన్ పొయ్యి, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె చాలు.

జోసుయికి చల్లారిన అన్నాన్ని జల్లెడలో వేసి నీళ్ళతో ఒకసారి కడగండి, గంజి జిగురు పోతుంది. కుండలో మిగిలిన కాబేజీ తుక్కూ ఎముక ముక్కలూ ఏరేసి, సూపు మరుగుతుండగా అన్నం వేసి, రెండు మూడు నిమిషాలయ్యాక కొట్టిన గుడ్డుని సన్నటి ధారగా తిప్పుతూ పోసి, మూత పెట్టి పొయ్యి ఆర్పేయండి. నిమిషం ఆగి మూత తీసి, ఇప్పుడు వేయండి ఉప్పు, ఇప్పుడు కుండలోనే. ఇంక మరిగేదీ లేదు, ముంచుకునేదీ లేదు. వంటమనిషి పదవి ఇక్కడ వెనక్కి వస్తుంది. మా ఇంట్లో ఆ పని అమ్మకి అప్పజెప్పాను. రుచి చూసి, వేసి, మళ్ళీ రుచి చూసి, ఇంకాస్త వేసి, "ఇప్పుడు తినండి" అంది. తనేమో సూట్‌కేసులోంచి తీసిన ఆవకాయ నంజుకుంది. మీరూ అలా నంజుకునేటట్టయితే అన్నంలో ఉప్పు సగమే వేయండి.